మసకబారిన యాక్రిలిక్ షీటును పారేసేముందు వాటర్ పేపరు పట్టి చూడండి

సంపాదకులు గారికి, నమస్కారం.

ఒంగోలులో అయినా నెల్లూరులో అయినా ఏ ఆఫీసు కౌంటరు ముందు నిలబడినా ఎదురుగా ఒక యాక్రిలిక్ షీటు ఉంటుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు బిగించినవే ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. కానీ అవతల కూర్చున్న మనిషి ముఖం ఆనదు. షీటు నిండా సాలెగూడు లాంటి సన్నగీతలు, కాగితాలు అందించే కంత చుట్టూ తెల్లటి పగుళ్లు. చూసి చూసి విసుగెత్తి వాటిని ఊడదీసి పాతసామాను గదిలో పడేస్తున్నారు, కొత్తవి బిగిస్తున్నారు. ఆ కొత్తవాటినీ అదే పొడిగుడ్డతో, అదే శానిటైజరుతో తుడుస్తున్నారు కాబట్టి కొన్నాళ్లకు వాటి గతీ అంతే అవుతోంది. దుకాణాల షోకేసులు, గుళ్లలో ఉత్సవమూర్తుల ముందు పెట్టే అడ్డు పలకలు, ఇంటి గుమ్మం పక్కన నేమ్‌ప్లేట్లు, బడిపిల్లల షీల్డులు, అన్నిటిదీ ఇదే తంతు. బోర్డుల పని, షోకేసుల పని తెలిసినవాళ్లుగా ఒక్క మాట చెప్పాలనే ఈ ఉత్తరం: గీతలు పడ్డ షీటు చెడిపోయిన షీటు కాదు. దాన్ని తిరిగి తేటగా చేయొచ్చు. అయితే ఏ షీటు బాగవుతుందో, ఏది బాగవదో ముందు తెలుసుకోవాలి.

యాక్రిలిక్ గాజు కాదు, పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే ప్లాస్టిక్. 1930ల్లో జర్మనీలో ప్లెక్సిగ్లాస్ పేరుతో, ఇంగ్లండులో పెర్‌స్పెక్స్ పేరుతో బజారుకెక్కింది. కొత్త షీటు తన మీద పడిన వెలుతురులో నూటికి 92 వంతులు అవతలికి వదిలేస్తుంది. బరువు చూస్తే అంతే మందం గాజులో సగం కూడా ఉండదు. ఇన్ని మంచి గుణాలున్నా ఒళ్లు మాత్రం మెత్తన. ఇసుక రేణువు దానికంటే ఎన్నో రెట్లు గట్టిది. పెన్నా ఒడ్డున లేచే ఇసుక, చీమకుర్తి రోడ్డు మీద లేచే గ్రానైట్ పొడి, కొత్తపట్నం వైపునుంచి ఉప్పు మోసుకొచ్చే గాలి, ఇవన్నీ షీటు మీద వాలుతూనే ఉంటాయి. ఆ పొడి మీద పొడిగుడ్డ పెట్టి అటూ ఇటూ తుడిస్తే గుడ్డే ఎమరీ కాగితమవుతుంది. పైగా పొడిగుడ్డతో రుద్దేకొద్దీ షీటుకు స్టాటిక్ కరెంటు ఎక్కి, చుట్టుపక్కల దుమ్మునంతా తన మీదికి లాక్కుంటుంది. పొద్దున తుడిచిన షీటు మధ్యాహ్నానికల్లా మళ్లీ దుమ్ముకొట్టుకుపోతోందంటే కారణం ఇదే. మళ్లీ తుడుస్తారు, మళ్లీ గీతలు.

గీత తెల్లగా కనబడటానికి అక్కడ తెల్లటి పదార్థమేమీ ఉండదు. గీత అంచుల దగ్గర వెలుతురు చెదిరిపోవడమే ఆ తెలుపు. ఆ గాడిలో యాక్రిలిక్‌లాగే వెలుతురును వంచే ద్రవం పోస్తే గీత కంటికి కనబడదు. కొబ్బరినూనె దాదాపు ఆ గుణంలోనే ఉంటుంది. అందుకే గీతల మీద ఒక చుక్క నూనె రాసి చూడటం మంచి పరీక్ష. నూనె రాయగానే గీత మాయమైతే అది పైపై గీత, పాలిష్‌కు లొంగుతుంది. నూనె రాసినా తెల్లగానే మిగిలితే అది లోతైన గాడి అయినా అయ్యుండాలి, లోపలికి పాకిన పగులైనా అయ్యుండాలి. ‘గీతలు మాయం చేసే ద్రవం’ అంటూ సీసాల్లో అమ్మేవాటిలో కొన్ని ఈ నూనె కిటుకుతోనే నడుస్తాయి. మైనమో సిలికానో గాడిలో నింపుతాయి. నాలుగుసార్లు కడిగేసరికి గీతలు మళ్లీ తేలతాయి. సిలికాన్ పూసిన షీటు మీద తర్వాత స్టిక్కరు అంటుకోదు, రంగు పట్టదు.

ఇక పగుళ్ల సంగతి. చాలామంది పగులునే గీత అనుకుని నెలల తరబడి రుద్దుతుంటారు. లేజరుతో కోసిన షీటు అంచు ఒక్కసారిగా కాగి ఒక్కసారిగా చల్లారుతుంది. ఆ అంచులో బిగువు ఉండిపోతుంది. దాని మీద స్పిరిట్‌గానీ శానిటైజర్‌గానీ పడితే ఆ బిగువున్న చోటల్లా వెంట్రుకవాసి పగుళ్లు విచ్చుకుంటాయి. కొన్నిసార్లు నిమిషాల్లోనే. టిన్నర్, పెట్రోలు, గోళ్లరంగు చెరిపే అసిటోన్, అమ్మోనియా కలిసిన అద్దాల క్లీనర్ కూడా ఇదే పని చేస్తాయి. గాజుకు మంచిదైన మందు యాక్రిలిక్‌కు విషం. కౌంటరు కంతల చుట్టూ కనబడే పగుళ్లు దాదాపుగా ఈ బాపతే. గుర్తుపట్టడం తేలిక. టార్చిలైటు పక్కవాటుగా పట్టి చూస్తే గీత సన్నటి దారంలా కనబడుతుంది, పగులు మాత్రం సైదాపురం అభ్రకం రేకులా లోపలినుంచి తళుక్కుమంటుంది. గోరుతో తడిమితే పైన ఏమీ తగలదు. ఇలాంటి పగుళ్లను ఏ పాలిషూ పోగొట్టదు, ఎందుకంటే అవి పైన మొదలైనా లోపలికి దిగిపోయి ఉంటాయి. అంచునుంచి పగులు ఇంకా పాకుతుంటే దాని కొస దగ్గర 3 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం వేస్తే అక్కడ ఆగుతుంది. షీటంతా వల అల్లినట్టు పగిలితే మార్చేయడమే. దాని మీద శ్రమ పెట్టొద్దు.

మీ చేతిలో ఉన్నది యాక్రిలికేనా అన్నది కూడా చూసుకోవాలి. పాలీకార్బొనేట్ అనే మరో రకం ప్లాస్టిక్ షీటు వంచితే వంగుతుంది, యాక్రిలిక్ కొంచెం వంగి పుటుక్కున విరుగుతుంది. కోసిన అంచు వైపునుంచి చూస్తే యాక్రిలిక్ తేటగా మెరుస్తుంది, పాలీకార్బొనేట్ బూడిదరంగు నీడగా ఉంటుంది. యాక్రిలిక్ పేరు చెప్పి పాలీస్టైరీన్ అనే ఇంకో ప్లాస్టిక్ అంటగట్టే వ్యాపారమూ ఉంది. అది ఎండకు పసుపుపచ్చగా మారుతుంది. ఒక చిన్న తునక పట్టకారుతో పట్టుకుని బయట ఆరుబయలులో వెలిగిస్తే తేలిపోతుంది. యాక్రిలిక్ పెద్దగా మసి లేకుండా, పండు వాసనతో చిటపటమంటూ మండుతుంది. పాలీస్టైరీన్ నల్లటి మసి పేలికలు ఎగరేస్తుంది. కార్ల, బైకుల హెడ్‌లైటు అద్దాలు, హెల్మెట్ ముందు అద్దాలు పాలీకార్బొనేట్‌వి, పైన గట్టి పూత ఉంటుంది. కింద చెప్పే పద్ధతి వాటికి పనికిరాదు. హెడ్‌లైటును పేస్టుతో రుద్దితే ఆ రోజుకు మెరుస్తుంది, పూత పోయింది కాబట్టి కొన్ని నెలల్లో మునుపటికంటే ఎక్కువ పసుపుపచ్చగా మారుతుంది. హెల్మెట్ అద్దం గీతలు పడితే మార్చాల్సిందే. రాత్రిపూట ఎదురు లారీ లైటు ఆ గీతల్లో చెదిరి రోడ్డే కనబడదు.

ఇప్పుడు అసలు పని. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటుకు పాలిష్ పట్టేవారికి ఇందులో కొత్త సూత్రమేమీ లేదు. ముతకతో మొదలుపెట్టి మెత్తనకు రావాలి. ప్రతి అంచె ముందరి అంచె పెట్టిన గీతలను చెరపాలి. ఒక్క అంచె దాటేస్తే ఆ లోటు చివర్లో బయటపడుతుంది. తేడా అల్లా ఒక్కటే, రాయి వేడిని ఓర్చుకుంటుంది, యాక్రిలిక్ ఓర్చుకోదు.

ముందు కడగాలి. షీటును ఏటవాలుగా ఆనించి పైనుంచి నీళ్లు పారించండి. చెయ్యి వేయకుండా దుమ్ము దానంతటదే జారిపోవాలి. తర్వాత లీటరు గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా గిన్నెల సబ్బుద్రవం కలిపి, మెత్తటి బనియను గుడ్డతో ఒత్తిడి లేకుండా కడగండి. చేతికి ఉంగరాలు, గాజులు ఉంటే తీసేయండి. ప్రకాశం జిల్లాలో చాలాచోట్ల బోరునీళ్లు ఆరితే తెల్లటి ఉప్పుమచ్చలు పడతాయి కాబట్టి ఆఖరి నీళ్లు వాననీళ్లో ఆర్వో నీళ్లో అయితే మంచిది. ఇప్పటికే పట్టిన ఉప్పుమచ్చలకు నాలుగు వంతుల నీళ్లలో ఒక వంతు వెనిగర్ కలిపి తడిపి, కాసేపాగి కడగాలి. స్టిక్కరు జిగురుంటే కొబ్బరినూనె రాసి పది నిమిషాలు నాననిచ్చి, వేలితో దొర్లించి తీయాలి. బ్లేడు పెట్టొద్దు.

షీటును నాలుగు మడతలు వేసిన ఉతికిన దుప్పటి మీద పడుకోబెట్టండి. కింద నల్లగుడ్డ పరిస్తే గీతలు బాగా తేలతాయి. గోరును గీతకు అడ్డంగా నడిపి చూడండి. గోరుకు తగలకపోతే వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం) అక్కర్లేదు, పాలిష్ చాలు. గోరుకు సన్నగా తగిలితే 1000 లేదా 1200 నంబరు పేపరుతో మొదలుపెట్టండి, నంబరు పెరిగేకొద్దీ పేపరు మెత్తన. గోరు ఆగిపోతే 600తో. చాకుతో కోసిన గాడి అయితే 400 దాకా దిగాలి. అంతకంటే ముతక పేపరు యాక్రిలిక్ మీదికి తేవొద్దు, అది పెట్టే గీతలు పోగొట్టడానికే పూట గడుస్తుంది.

పేపరు నల్లటి వాటర్ పేపరు కావాలి, వడ్రంగులు వాడే గోధుమరంగు గరుకు కాగితం కాదు. రంగుల దుకాణాల్లో, కార్లకు పెయింటు వేసేవారి సామాను అంగళ్లలో దొరుకుతుంది. కొనేటప్పుడు వెనకవైపు చూడండి. నంబరు ముందు ‘పి’ అక్షరం ఉన్నవి ఒక లెక్క, లేని వాటిలో కొన్ని అమెరికా కొలత లెక్క. ఆ కొలతలో 600 అంటే పి-1200కు దగ్గర. రెండు లెక్కలూ కలిపి వాడితే మెత్తదనుకుని ముతకది పట్టిన వాళ్లవుతారు. పైన చెప్పిన నంబర్లన్నీ పి లెక్కలోవి. 600తో మొదలైతే వరుస ఇది: 600, 800, 1000, 1500, 2000, దొరికితే 3000. పేపర్లను వాడేముందు పావుగంట నీళ్లలో నాననివ్వండి, లేకపోతే మడతపడ్డ అంచు గీత పెడుతుంది.

వేళ్లతో పట్టి రుద్దకూడదు. వేలి కింద ఒత్తిడి ఎక్కువగా, వేళ్ల సందులో తక్కువగా పడి షీటు మీద కాలువలు కడతాయి. పాత హవాయి చెప్పు అడుగు నుంచి అగ్గిపెట్టెకు రెండింతల ముక్క కోసి, దానికి పేపరు చుట్టి పట్టండి. అంతకంటే మంచి దిమ్మ బజారులో కూడా దొరకదు. నీళ్లలో ఒకటి రెండు చుక్కల సబ్బు వేసి, షీటు ఎప్పుడూ తడిగా ఉండేలా చూస్తూ, ఒకే దిక్కుగా రుద్దండి. మొదటి అంచె అడ్డంగా అయితే రెండో అంచె నిలువుగా, మూడోది మళ్లీ అడ్డంగా. ఇలా దిక్కు మార్చడంలోనే కిటుకంతా ఉంది. నిలువు గీతల మధ్య ఒక్క అడ్డగీత మిగిలినా కంటికి పట్టుబడుతుంది. అదే గుండ్రంగా తిప్పుతూ రుద్దితే ఏ గీత ఏ పేపరుదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

గీత ఉన్నచోటు మాత్రమే అరగదీయాలనిపిస్తుంది. అక్కడే పని చెడుతుంది. ఒక్కచోట అరిగితే అక్కడ చిన్న గుంట పడి, అది భూతద్దంలా పనిచేస్తుంది. గీత పోతుంది గానీ అవతలి ట్యూబులైటు అక్కడ వంకరగా కనబడుతుంది. గీతకు చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున మొదలుపెట్టి, ప్రతి అంచెలో ఇంకో రెండు వేళ్ల మేర బయటికి జరగాలి. చిన్న షీటయితే మొత్తం పట్టడమే మేలు.

తడి షీటు మోసం చేస్తుంది. నూనెలాగే నీళ్లూ గీతల్ని కొంత దాచేస్తాయి. అందుకే ప్రతి అంచె చివరా కడిగి, ఆరనిచ్చి, టార్చి పక్కవాటుగా పట్టి చూడాలి. ముందటి అంచె గీత ఒక్కటీ లేదని తేలాక కూడా ఇంకో నాలుగు పట్లు పట్టి అప్పుడు తర్వాతి నంబరుకు వెళ్లాలి. నంబరు మారినప్పుడల్లా షీటు, దిమ్మ, చేతులు కడుక్కుని, మగ్గులో నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పట్టాలి. 600 పేపరు నుంచి రాలిన ఒక్క రేణువు 2000 పేపరు కిందికి చేరిందంటే షీటు ఈ కొసనుంచి ఆ కొసకు గీత పడుతుంది, మళ్లీ వెనక్కి వెళ్లాల్సిందే. ఈ పని చెడగొట్టుకునేవారిలో ఎక్కువమంది పేపరు దగ్గర కాదు, నీళ్ల మగ్గు దగ్గర చెడగొట్టుకుంటారు.

2000 అయ్యేసరికి షీటంతా బటర్ పేపరులా ఒకే రకం మసకగా ఉంటుంది. మొదటిసారి చేసేవారు అది చూసి ఉన్న షీటు కాస్తా పాడైందని బెంబేలెత్తుతారు. మసక అంతటా ఒకేలా ఉందంటే పని సరిగ్గా వచ్చినట్టు. మధ్యలో ఎక్కడైనా చార మెరిసిందంటే ఆ చోటికి పేపరు తగల్లేదని.

పాలిష్‌కు ప్లాస్టిక్ పాలిష్ దొరికితే అదే వాడండి. దొరకకపోతే కార్ల పెయింటుకు వాడే మెత్తరకం రబ్బింగ్ కాంపౌండ్ (రుద్ది మెరుపు తెచ్చే ముద్ద) పనికొస్తుంది, ముతకరకం వద్దు. ఘాటైన టిన్నర్ వాసన వచ్చేది అసలే వద్దు. ఏదైనా ముందు ఒక మూల రూపాయి బిళ్లంత మేర రాసి పది నిమిషాలు చూసి, అంచు పగలలేదని తేల్చుకున్నాకే మిగతా షీటుకు వెళ్లాలి. తడి చేసి పిండిన బనియను గుడ్డ మీద చెంచాడు కాంపౌండ్ వేసి, చిన్న చిన్న చుట్లుగా రుద్దండి. ఇక్కడ చుట్లు ఫరవాలేదు, రేణువు అంత మెత్తన. ఏ-4 కాగితమంత మేరకు చేత్తో అరగంట దాకా పడుతుంది. కాంపౌండ్ ఆరిపోనివ్వకూడదు, ఆరిన పొడి మళ్లీ గీతలు పెడుతుంది. ఎండాకాలంలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో ఈ పని ఆరుబయట చేయనే కూడదు. ఉదయం పూట, నీడలో, ఫ్యాను ఆపి చేసుకోండి. చివరిగా ఇంకా మెత్తటి కాంపౌండ్‌తో, వేరే గుడ్డతో ఒకసారి. ముందు వాడిన గుడ్డను దీనికి వాడితే అంతా వృథా.

మిషను వాడేవారికి ఒక హెచ్చరిక. రాళ్ల పనిలో వాడే 4 అంగుళాల గ్రైండరు నిమిషానికి 11,000 చుట్ల వేగంతో తిరుగుతుంది. దానికి బఫ్ (పాలిష్ పట్టే గుడ్డ చక్రం) బిగించి యాక్రిలిక్ మీద పెడితే క్షణంలో షీటు కరిగి, బఫ్‌కు అంటుకుని ముద్దలు కడుతుంది. యాక్రిలిక్ సుమారు 100 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, రాపిడి ఆ వేడిని సునాయాసంగా పుట్టిస్తుంది. వేగం తగ్గించుకునే వీలున్న డ్రిల్లు గానీ కార్ పాలిషర్ గానీ తీసుకుని, స్పాంజి ప్యాడ్‌తో 1000 నుంచి 1500 చుట్ల మధ్య నడపండి. మిషను బరువే ఒత్తిడి, మీరు అదనంగా నొక్కొద్దు. ఒకచోట నిలపొద్దు. మధ్య మధ్య ఆపి చేతి వెనకవైపు ఆనించి చూడండి, వెచ్చగా ఉంటే సరే, చురుక్కుమంటే ఆపి చల్లారనివ్వండి. అచ్చులో పోసి చేసే క్యాస్ట్ షీటు పాలిష్‌కు చక్కగా లొంగుతుంది. మిషనులోంచి ఒత్తి తీసే, చవకగా దొరికే ఎక్స్‌ట్రూడెడ్ షీటు త్వరగా జిగురు సాగుతుంది, దానికి చెయ్యే శ్రేయస్కరం.

అంచులకు మంట పట్టి మెరిపించే పద్ధతి బోర్డుల షాపుల్లో ఉంది. అది కోసిన అంచుకే, షీటు ముఖానికి కాదు. ముఖం మీద మంట తగిలితే బుడగలు వస్తాయి, షీటు వంకరపోతుంది. మంట పట్టిన అంచులో బిగువు పెరుగుతుంది గనుక దానికి తర్వాత క్లోరోఫాం లాంటి ద్రవంతో అతుకు పెడితే అక్కడే పగుళ్లు విచ్చుకుంటాయి. అతుకు పెట్టాల్సిన అంచును పేపరుతో అరగదీసి వదిలేయడమే మంచిది. ఓవెన్ ఉన్న షాపులవారు కోసిన ముక్కలను 80 డిగ్రీల దగ్గర కనీసం రెండు గంటలు ఉంచి, తలుపు తీయకుండా ఓవెన్‌లోనే నిదానంగా చల్లారనిస్తే ఆ బిగువు చాలావరకు తీరిపోతుంది. మన దగ్గర ఈ పని చేయకుండానే కౌంటరు షీట్లు బిగించేస్తున్నారు. శానిటైజరు కొట్టిన వాళ్లదే తప్పంతా అనడం న్యాయం కాదు, సగం తప్పు షీటు కోసిన చోటే జరిగింది.

పేపరు జాగ్రత్తగా పట్టాల్సిన షీట్లు, అసలే పట్టకూడని షీట్లు కూడా ఉన్నాయి. వెనక అద్దం పూత ఉన్న మిర్రర్ యాక్రిలిక్, వెనకవైపు ప్రింటు వేసిన నేమ్‌ప్లేట్లు: వీటికి ముందువైపే పని చేయాలి, నీళ్లు వెనక్కి పోకుండా అంచుల చుట్టూ మాస్కింగ్ టేపు వేయాలి. పైన గీతలు పడని పూత ఉన్న షీట్లకు పేపరు తగిలితే పూత మచ్చలుగా లేచిపోతుంది. 2 మిల్లీమీటర్ల మందంలో జానెడు ముక్క అయితే కొత్తది తెచ్చుకోవడమే నయం, మీ పూట శ్రమకు అంతకంటే విలువ ఉంది. పెద్ద షోకేసులు, 5 మిల్లీమీటర్లు దాటిన షీట్లు, వంచి చేసిన డోములు, జ్ఞాపకంగా దాచుకున్న షీల్డులు, వీటికే ఈ శ్రమ తగుతుంది.

ఆసుపత్రుల సంగతి విడిగా చెప్పాలి. పురిటిబిడ్డలను ఉంచే ఇంక్యుబేటర్ల పైమూత చాలావాటికి యాక్రిలిక్‌దే. దాన్ని స్పిరిట్ దూదితో తుడిస్తే వెంట్రుక పగుళ్లు పడతాయి. పగుళ్లలో మురికి చేరుతుంది, లోపల బిడ్డ రంగు మారినా నర్సుకు స్పష్టంగా కనబడదు. ఆ మూతకు ఏ ద్రవం వాడాలో మిషనుతో వచ్చిన పుస్తకంలోనే రాసి ఉంటుంది. అది తీసి చదివి, తుడిచే ఆయమ్మకు తెలుగులో చెప్పాలి. పగిలిన మూతకు పేపరు, పాలిష్ లాంటివి చేయొద్దు, కంపెనీ మూతే తెప్పించాలి. నెల్లూరు పొగతోట ఆసుపత్రుల నిర్వాహకులు ఒక్కసారి తమ వార్డుల్లో టార్చి పట్టి చూసుకోవాలని మా మనవి.

ఇదే పదార్థం ఇంట్లో మరో రెండుచోట్ల ఉంటుంది. పాత హెచ్ఎంటీ కీ గడియారాల అద్దం యాక్రిలిక్‌దే. దాని మీది సన్నగీతలకు తెల్లటి పళ్లపేస్టు చాలు, మెత్తటి గుడ్డతో పది నిమిషాలు రుద్ది తడిగుడ్డతో తుడిస్తే తేటపడుతుంది. కీ తిప్పే మర దగ్గరికి తడి పోనివ్వకండి. పళ్లపొడి వాడొద్దు, ముతక. రెండోది పెద్దవాళ్ల కట్టుడు పళ్లు. అవీ ఈ జాతి ప్లాస్టిక్కే కాబట్టి గడియారానికి మేలు చేసిన ఆ పేస్టే అక్కడ కీడు చేస్తుంది. రోజూ పేస్టుతో తోమితే పళ్లసెట్టు గీతలుపడి, ఆ గీతల్లో పాచి చేరుతుంది. వాటికి సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు. అసలు ఈ ప్లాస్టిక్ మనిషి ఒంటికి ఎంత దగ్గరిదంటే, రెండో ప్రపంచయుద్ధంలో విమానాల యాక్రిలిక్ కప్పు ముక్కలు గుచ్చుకున్న పైలట్ల కళ్లు వాటిని భరించడం గమనించి, హెరాల్డ్ రిడ్లీ అనే కంటి వైద్యుడు 1949లో లండన్‌లో ఒక రోగి కంట్లో తొలిసారి ఈ పదార్థంతో చేసిన లెన్సు అమర్చారు. శుక్లాల ఆపరేషన్‌లో లెన్సు పెట్టడం అక్కడ మొదలైంది.

బాగుచేసిన షీటు నిలవాలంటే రోజువారీ తుడుపు మారాలి. కౌంటరు దగ్గర రెండు గుడ్డలు ఉంచండి. ఒకటి సబ్బునీళ్లలో ముంచి పిండింది, రెండోది మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండింది. మొదటిదాన్ని పైనుంచి కిందికి ఒకే వైపుగా లాగాలి, వెనక్కి తోయకూడదు. వెనక్కి తోస్తే పోగైన దుమ్మునే మళ్లీ రుద్దినట్టు. రెండోదానితో సబ్బు తీసేసి అలాగే వదిలేస్తే అదే ఆరిపోతుంది. క్రిమిభయం ఉంటే సబ్బునీళ్లే చాలావరకు ఆ పనీ చేస్తాయి, శానిటైజరు చేతులకు ఉంచండి. గుళ్లలో దీపం మసి, నూనెజిడ్డు పట్టిన పలకలకూ సబ్బునీళ్లే, కాకపోతే గోరువెచ్చగా, రెండు విడతలు. విభూతి, పసుపు, కుంకుమ పడితే తుడవకుండా ముందు నీళ్లు పోయాలి.

కొత్త షీటు బిగించుకునేవారు షాపువాడికి నాలుగు మాటలు చెప్పండి. కంత మూలలు చతురస్రంగా కాకుండా గుండ్రంగా కోయమనండి, పగులు ఎప్పుడూ కోసుగా ఉన్న మూలనుంచే పుడుతుంది. స్క్రూ రంధ్రం స్క్రూ కంటే పెద్దదిగా వేయమనండి. మీటరు పొడవు షీటు 30 డిగ్రీల వేడి తేడాకు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. బిగించి కట్టేస్తే వేసవిలో అదే విరుచుకుంటుంది. స్క్రూ కింద రబ్బరు వాషరు పెట్టి, బిగించాక అరచుట్టు వదలమనండి. బయట పెట్టే బోర్డుకు అంటించిన రక్షణ కాగితాన్ని బిగించిన రోజే ఒలిచేయమనండి. నెలల తరబడి ఎండలో ఉంచితే ఆ జిగురు షీటులోకి దిగి, అప్పుడు దాన్ని తీయడానికే గీతలు పెట్టుకోవాల్సి వస్తుంది.

ఇట్లు,
యాక్రిలిక్ బోర్డుల పనివారు,
ఒంగోలు